ఎరుక, ఉద్దేశం: ఆస్ట్రేలియా ‘మనుషుల స్మగ్లింగ్’ విచారణల్లో నిరూపణ సమస్య

మనుషుల స్మగ్లింగ్ వేరు, మానవ అక్రమ రవాణా వేరు. అక్రమ రవాణాలో మనిషిని బలవంతంగానో వంచనతోనో దోపిడీకి గురిచేస్తారు. స్మగ్లింగ్‌లో సరిహద్దు దాటదలచినవారిని చట్టవిరుద్ధంగా దాటిస్తారు. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్మగ్లింగ్ ప్రోటోకాల్ ఈ నేరానికి రెండు మానసికాంశాలను నిర్దేశించింది: బుద్ధిపూర్వకంగా చేయడం, ఆర్థిక లేదా ఇతర భౌతిక లాభాన్ని ఆశించడం. వీటి నిరూపణలోని జటిలతను ఆస్ట్రేలియా అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆస్ట్రేలియా వలస చట్టం (1958)లో 1999లో చేర్చిన 232ఏ సెక్షన్, ఐదుగురిని లేదా అంతకు మించినవారిని అక్రమంగా తీసుకువచ్చిన వ్యక్తికి గరిష్ఠంగా 20 ఏళ్ల జైలుశిక్ష విధించింది. 2001లో దీనికి కనీస శిక్ష తోడైంది: తొలి నేరానికి 5 ఏళ్లు, అందులో 3 ఏళ్లు పెరోల్ లేకుండా. 2010లో ఇదే నేరం 233సీ సెక్షన్‌గా మారింది. లాభాపేక్షను నిరూపించవలసిన అవసరం ఇందులో లేదు. కనుక సొమ్ము చేసుకున్న నిర్వాహకునికీ, పడవలో వంట చేసిన కూలికీ ఒకే కనీస శిక్ష. న్యాయమూర్తికి దానిని తగ్గించే విచక్షణ లేనప్పుడు, ముద్దాయికి మిగిలిన ముఖ్యమైన రక్షణ అతని మనఃస్థితికి సంబంధించిన ప్రశ్నే.

2009 నుంచి పట్టుబడిన పడవల సిబ్బందిలో అత్యధికులు ఇండోనేషియాకు చెందిన పేద జాలరులు. వారు చేరిన క్రిస్మస్ దీవి జావాకు సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం అక్కడికి 1,500 కిలోమీటర్లకు పైగా దూరం. మరో గమ్యమైన ఆష్మోర్ రీఫ్‌ను రోటే దీవి జాలరులు ‘పులావ్ పసిర్’ (ఇసుక దీవి) అంటారు. ఆ పరిసరాల్లో సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టడానికి 1974 నాటి ఒప్పందం వారికి అనుమతినిచ్చింది. పైగా 2001లో ఆస్ట్రేలియాయే ఈ దీవులను వీసా దరఖాస్తుల నిమిత్తం తన వలస మండలం నుంచి మినహాయించింది. సార్వభౌమత్వం మారలేదు కాని, శరణార్థికి తలుపు తెరవని ఆ నేల నావికుని శిక్షించడానికి మాత్రం ఆస్ట్రేలియాగానే మిగిలింది. అటువంటి చోటికి పడవ నడిపినవాడు ‘ఆస్ట్రేలియాకు’ తీసుకురావాలని ఉద్దేశించినట్లేనా?

2012లో విక్టోరియా అప్పీలు కోర్టు ‘పీజే’ కేసులో ఈ ప్రశ్నకు సమాధానమిచ్చింది. ‘ఆస్ట్రేలియాకు’ అనే మాట నేరచర్యలో భాగమనీ, ముద్దాయి ఉద్దేశం అంతవరకూ వ్యాపించిందని ప్రాసిక్యూషనే నిరూపించాలనీ పేర్కొంది. చేరిన చోటు వాస్తవంగా ఆస్ట్రేలియా కావడం ఒక్కటే చాలదు. తీవ్రమైన శిక్ష గల నేరాల్లో దోషపూరిత మనఃస్థితి అవసరమని 1985లో ‘హీ కా తే’ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు చెప్పిన సూత్రానికి ఇది అనుగుణమైనదే.

అయితే మనసు సాక్ష్యమివ్వదు. ఎవరు పనిలో పెట్టుకున్నారు, ఏమి చెప్పారు, చుక్కాని ఎవరి చేతిలో ఉంది అనే పరిస్థితుల నుంచే జ్యూరీ దానిని ఊహించాలి. ప్రయాణికులకు గమ్యం తెలుసు కనుక సిబ్బందికీ తెలుసుననడం సులభం. కాని ప్రయాణికుల భాష నావికులకు రానప్పుడు ఆ ఊహ నిలవదు.

ఈ సమస్య భారతీయ న్యాయచరిత్రకు కొత్త కాదు. మనీలా వెళ్తూ బొంబాయిలో ఆగిన విమానంలోని ప్రయాణికుని వద్ద బంగారం దొరికిన కేసులో, రిజర్వ్ బ్యాంక్ ప్రకటన అతనికి తెలియకపోయినా నేరమేనని 1964లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పునిచ్చింది. ఎరుక లేనిదే నేరం లేదని భిన్నాభిప్రాయం రాసినవారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆస్ట్రేలియాలో శాసనవ్యవస్థ మరో దారి పట్టింది. శరణు కోరి వచ్చేవారికి ‘చట్టబద్ధమైన హక్కు’ ఉందన్న వాదన కోర్టుకు చేరగానే, 2011 నవంబరులో ఆ వాదనను మూసివేసే చట్టం చేసి, దానిని 1999 నుంచి వర్తింపజేసింది. 2012 ఆగస్టులో మాత్రం, మరణాలు సంభవించని సందర్భాల్లో తొలిసారి పట్టుబడిన సాధారణ సిబ్బందిపై కనీస శిక్ష లేని అభియోగమే మోపాలని అటార్నీ జనరల్ ఆదేశించారు.

నిర్వాహకునికీ కూలికీ గల తేడాను శిక్ష గుర్తించనప్పుడు, ఆ భారమంతా ఎరుక, ఉద్దేశాల నిరూపణపై పడుతుంది. ఆ నిరూపణను సాంకేతిక ఆటంకంగా భావించి తొలగిస్తే, చట్టానికి పడవ మాత్రమే కనిపిస్తుంది. అందులోని మనిషి కనిపించడు.