గుడారములో నిప్పు

ఉత్తర అమెరికా మైదానములందలి లకోటా మొదలగు జాతులవారు అడవిదున్నల తోళ్లతో శంకువువంటి గుడారములు కట్టుకొనెడివారు. వీనికి టీపీలని పేరు. నడుమ నెగడు మండుచుండును. గాలివాలునుబట్టి పై రెక్కలు త్రిప్పినచో పొగ వెలికి పోవును. లోపలితెర వెనుకనుండి చల్లగాలి పైకెగసి దానికి తోడ్పడును.

వీనిని జూచి సిబ్లీ యను సైనికోద్యోగి యొక గుడారము కల్పించి 1856లో పేటెంటు పొందెను. అందు పండ్రెండుగురు శయనింపవచ్చును. నెగడునకు మారుగా పొగగొట్టముగల యినుపరేకు పొయ్యి వచ్చెను. దానికి అడుగు లేదు, నేలయే యడుగు. కావున మోయుటకు తేలిక.

1861లో సిబ్లీ తిరుగుబాటు పక్షమున జేరెను. ప్రభుత్వము వేలకొలది గుడారములు కుట్టించియు నతనికి ప్రతిఫల మీయలేదు. 1886లో నతడు పేదఱికమున మరణించెను. మూలవిద్య యెఱిగిన జాతులవారో, ఆనాటికే దున్నలను, స్వేచ్ఛగా దిరిగిన నేలను గోల్పోయిరి. గుడారమునకు సిబ్లీ పేరు నిలిచినది; ఆ జాతులవారినిగూడ స్మరించుట న్యాయమని నా మనవి.