దిబ్బ మీది చిక్కుడు

మాకు సెంటు భూమి లేదు. కనగానపల్లి దిక్కు మాదిగవాడల్లో పుట్టినోళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు. అయినా మా అవ్వ సేద్యం చేసింది. బోదకొట్టం వెనక పెంటదిబ్బ, దాని పక్కన మూడు చిక్కుడు పాదులు. అంతే ఆమె సేద్యం.

మృగశిరలోనో ఆరుద్రలోనో నాలుగు చినుకులు పడితే పాదుకు నాలుగు గింజలు నాటేది. బారెడు సాగినాక తుమ్మకంప ఆనిస్తే తీగ అదే కొట్టం మీదికెక్కేది. నీళ్లంటే బోకులు తోమిన నీళ్లే. తాగేదానికే ఊరిబావి కాడ ఎవరో చేదిపోస్తే తెచ్చుకునే కాలం, తీగకెవరు పోస్తారు? పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లేది. వానాకాలమంతా ఆకులే, పూత ఉండదు. "పీకేద్దామవ్వా" అంటే "పొద్దు కురచ కావల్లరా, మంచు పడల్ల, అప్పుడు పూస్తాది" అనేది. నాటు చిక్కుడు పగటిపొద్దు తగ్గితేనే పూస్తుందని చానా ఏండ్లకు నేను పుస్తకంలో చదివినా. అవ్వ మాటే అచ్చులో ఉంది, ఆమె పేరు లేదు.

ఈ గింజ పుట్టిల్లు ఆఫ్రికా. బళ్లారి పక్కన సంగనకల్లు కొత్తరాతియుగం తవ్వకాల్లోనూ దొరికింది. అంటే మా సీమకు ఇది మూడువేల ఏండ్ల పైమాటు చుట్టం. ఒకప్పుడు చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న నడుమ అనుములు, అలసందలు, కందులు ఉండేవి. కూలికి పోయినోళ్ల ఒళ్లోకి అవీ ఇన్ని వచ్చేవి. చలికాలం మా కుండలో పితికిన పప్పు ఉడికేది. 1960ల తర్వాత వేరుశెనక్కాయ చేలన్నీ కమ్మేసింది, కూలి రూకలైంది. శెనక్కాయ ఎన్ని ఎకరాలు పెరిగిందో లెక్కలున్నాయి. మా కుండలోంచి ఏం పోయిందో ఎవరూ లెక్క రాయలేదు.

రథసప్తమికి ఊళ్లోంచి ఒకామె వచ్చేది. చిక్కుడుకాయలతో సూర్యుడికి రథం చేయల్ల, చిక్కుడాకుల్లో పాయసం పెట్టల్ల. అవ్వ కాయలూ ఆకులూ బండమీద పెట్టి ఎడంగా జరిగేది. ఆమె నీళ్లు చల్లుకొని తీసుకునేది. ఒక ఏడు విత్తనాలు కూడా అడిగి తీసుకుంది. ఆమె కళ్లంలో మా అమ్మ కొంగు పడితే మాత్రం కూలిగింజలు మూరెడు పైనుంచే పడేవి.

అవ్వ విత్తనాలను సొరబుర్రలో బూడిద కలిపి పొయ్యి మీద వేలాడగట్టేది. కరువు ఏడు మేం ఆకలని ఏడ్చినా ఆ బుర్ర దించలేదు. అప్పుడు ఆమె మీద నాకు కసి ఉండేది. దాచకుండా చెప్తున్నా.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు అవ్వ పోయింది. కాలనీ ఇల్లొచ్చి కొట్టం పోయింది, దిబ్బ పోయింది. బూడిద మార్చేవాళ్లు లేక బుర్రలో గింజలన్నీ పుచ్చిపోయినాయి.

2001 విత్తన హక్కుల చట్టం ప్రకారం పాతరకాలను కాపాడేవాళ్లు కూడా రైతులే. జహీరాబాద్ దిక్కు డి.డి.ఎస్. సంఘాల దళిత ఆడోళ్లు విత్తనాలు కాపాడినారు, ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆ వార్త చదివిన రోజే మా చిక్కుడు వెతుక్కుంటూ ఊరికి పోయినా. అది ఒక్క ఇంట్లోనే మిగిలింది, ఆ రథసప్తమి ఆమె ఇంట్లో. ముసలామె గుప్పెడు గింజలు తెచ్చింది. నేను చెయ్యి చాపినా. ఆమె చెయ్యి పైకి లేపింది.

"ఇవి మా అవ్వవి పెద్దమ్మా, చేతికియ్యి" అన్నా.

కొంచేపు నిలబడింది. గింజలు గడప మీద పెట్టి లోపలికి పోయింది. పదకొండు ఉన్నాయి. ఏరుకొని వచ్చి, ఆరుద్రలో నాటినా.