మెడియా అన్న మాట, మెడియా చేసిన పని

క్రీస్తు పూర్వం 431 వసంతంలో ఏథెన్స్ నగరంలో డయనీసస్ దేవుడి ఉత్సవాలు జరిగాయి. కొండవాలున ఉన్న ఆరుబయలు రంగస్థలంలో వేలమంది కూర్చుని నాటకాలు చూశారు. ఆ ఏడు పోటీలో ఎస్కిలస్ కొడుకు యూఫోరియన్‌కి మొదటి బహుమతి, సోఫోక్లీస్‌కి రెండోది వచ్చాయి. యూరిపిడీస్‌ది ఆఖరిదైన మూడో స్థానం. అతను అప్పుడు ప్రదర్శించిన నాటకాల్లో ఒకటి ‘మెడియా’.

ఆ వసంతంలోనే ఏథెన్స్‌కీ స్పార్టాకీ మధ్య యుద్ధం మొదలైంది. చలికాలం వచ్చేసరికి మొదటి విడత మృతులకి నగరం సామూహికంగా అంత్యక్రియలు చేసింది. నాయకుడు పెరిక్లీస్ ప్రసంగించాడు. ప్రజాస్వామ్యాన్ని కీర్తించిన ఆ ప్రసంగాన్ని చరిత్రకారుడు థూసిడిడీస్ తన గ్రంథంలో పొందుపరిచాడు. ప్రజాస్వామ్యం గురించి పాఠం చెప్పేటప్పుడు ఇవాళ్టికీ దాన్ని తలుచుకుంటారు. అయితే చివర్లో భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలకి అతను చెప్పిన రెండు ముక్కల్ని ఎక్కువమంది దాటేస్తారు. మంచికైనా చెడ్డకైనా మగవాళ్ల మధ్య ఏ స్త్రీ పేరు అతి తక్కువగా వినబడుతుందో ఆమెదే గొప్ప కీర్తి అని దాని సారాంశం.

ఏడాది తిరక్కుండా ఒకే ఊళ్లో వినబడ్డవి ఇవి. నాటకంలో ఒక స్త్రీ గడప దాటి వచ్చి ఆడబతుకు గురించి నిలదీసి మాట్లాడింది. శ్మశానంలో ఒక నాయకుడు స్త్రీకి మౌనమే అలంకారమన్నాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మెడియా కథ ఒక రాక్షసి కథగా కాక ఒక నగరం తనతో తాను పడిన ఘర్షణగా నాకు కనిపిస్తుంది.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. మెడియా నల్లసముద్రపు ఒడ్డున కోల్కిస్ రాజు కూతురు. గ్రీకులకి అది అనాగరికుల దేశం. బంగారు గొర్రెతోలు కోసం వచ్చిన జేసన్‌ని ప్రేమించి, అతని కోసం తండ్రిని మోసగించింది, తోడబుట్టినవాణ్ణి చంపింది, ఓడెక్కి అతనితో వచ్చేసింది. నాటకం మొదలయ్యేటప్పటికి వాళ్లు కోరింత్‌లో కాందిశీకులు, ఇద్దరు కొడుకులు. జేసన్ ఆ ఊరి రాజు క్రియోన్ కూతుర్ని పెళ్లాడాడు. మెడియానీ పిల్లల్నీ దేశం విడిచిపొమ్మని రాజు ఆజ్ఞ. ఒక్క రోజు గడువు అడిగి తీసుకుని, ఆ ఒక్క రోజులోనే మెడియా విషం పూసిన చీనాంబరమూ కిరీటమూ పంపి రాజకుమారినీ రాజునీ చంపుతుంది. తర్వాత తన బిడ్డల్ని తన చేతుల్తో చంపి, తాతగారైన సూర్యుడి రథమెక్కి వెళ్లిపోతుంది.

ఎం.ఏ.లో మాకు గ్రీకు విషాద నాటకం అంటే ఈడిపస్, అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’. మెడియా పేరు మాకు వినబడింది కూడా అరిస్టాటిల్ ఎత్తిచూపిన లోపాల్లోనే. కథలోంచి పుట్టాల్సిన ముగింపుని యంత్రం మీద దింపాడని యూరిపిడీస్ మీద ఆయన ఫిర్యాదు. అదే అధ్యాయంలో పాత్రౌచిత్యం గురించి చెబుతూ స్త్రీకి శౌర్యమూ తెలివీ అంత తగినవి కావంటాడు. ఆ వాక్యం మీద ఆగి మాట్లాడుకున్న గుర్తు లేదు. మెడియా మీద క్రియోన్ మోపిన నేరం కూడా సరిగ్గా ఇదే. నువ్వు తెలివైనదానివి కాబట్టి నీకు భయపడుతున్నానని మొహం మీదే అంటాడు. ఆమె ఇంకా ఏ హత్యా తలపెట్టకముందు సంగతి అది. తెలివి ఉందన్న పేరు పడితే దానివల్ల వచ్చేది అసూయా అనుమానమేనని ఆమె చేదుగా బదులిస్తుంది. చదువుకున్న ఆడవాళ్లకి ఆ సంభాషణకి టీకా తాత్పర్యాలు అక్కర్లేదు.

ఇక ఆమె ప్రసంగం. కోరింత్ స్త్రీలు గుమిగూడితే మెడియా వాళ్లముందుకొచ్చి లెక్క చెబుతుంది. పెద్ద మొత్తం పోసి మొగుణ్ణి కొనుక్కోవాలి, కొనుక్కున్నాక వాడే మన ఒంటికి యజమాని. వాడు మంచివాడో చెడ్డవాడో ముందు తెలిసే దారి లేదు. వదిలేసి వస్తే పరువు పోతుంది, కాదనే వీలు లేదు. మగవాడికి ఇంట్లో విసుగొస్తే బయటికెళ్లి సేద తీరతాడు, ఆడదానికి ఆ ఒక్క మొహమే గతి. మేం యుద్ధానికి పోతాం, మీరు ఇంట్లో సుఖంగా ఉంటారని మగవాళ్లంటారు గానీ, ఒక్క కాన్పు కన్నా మూడుసార్లు యుద్ధంలో నిలబడడమే నయం. ఆమె మాటల తాత్పర్యం ఇంతవరకూ ఇది. తర్వాత ఇంకో మాట కలుపుతుంది. మీకు ఊరుంది, పుట్టిల్లుంది, స్నేహితులున్నారు, నాకు ఎవరూ లేరు. ఆడవాళ్లందరి బాధా ఒకటేనని మొదలుపెట్టి, ఆ ఒకటిలోనే పరాయిదాని బాధ వేరని గుర్తుచేస్తుంది. ఆడవాళ్లంతా ఒకటేనా అన్న చర్చ మనమూ ఎంతో కాలం చేశాం.

ఈ మాటలు ఊహలోంచి ఊడిపడలేదు. ఏథెన్స్‌లో స్త్రీకి జీవితాంతం ఒక మగ సంరక్షకుడు ఉండాలి. తండ్రి, అతని తర్వాత భర్త, లేకపోతే సోదరుడో కొడుకో. ఒక ‘మెడిమ్నస్’ బార్లీ గింజల విలువకి మించి ఆమె సొంతంగా ఏ లావాదేవీ చేయకూడదని చట్టం. కట్నం తండ్రి ఇస్తాడు, భర్త చేతిలో ఉంటుంది. అతను ఆమెని పంపేస్తే కట్నం తిరిగివ్వాలి, లేదా ఏటా నూటికి 18 వంతున వడ్డీ కట్టాలి. ఆ సొమ్ము మాత్రం ఆమెకి కాదు, పుట్టింటి మగవాళ్ల చేతికి వెళుతుంది. తండ్రినే వదిలేసి వచ్చిన మెడియాకి ఆ పాటి ఆసరా కూడా లేదు. ఆమె దగ్గరున్నది జేసన్ కుడిచేయి పట్టుకుని చేసిన ప్రమాణం ఒక్కటే. నాటకం పొడుగునా ఆమె పదే పదే ఆ ప్రమాణం ఊసెత్తేది అందుకే.

ఇంకో చట్టం కూడా ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే బిడ్డకి పౌరసత్వమని క్రీ.పూ. 451లో చట్టం తెచ్చారు. దాన్ని ప్రతిపాదించినవాడు ఈ పెరిక్లీసే. జేసన్ సమర్థనని ఆ ప్రేక్షకులు ఈ చట్టం నేర్పిన చెవులతోనే విని ఉంటారు. నేను రాకుమారిని చేసుకున్నది మోజుతో కాదు, మన పిల్లలకి రాచబిడ్డలు తమ్ముళ్లయితే వాళ్ల బతుకు బాగుపడుతుందని చేసుకున్నానంటాడు. నిన్ను అనాగరిక దేశం నుంచి గ్రీసుకి తెచ్చి న్యాయమంటే ఏమిటో చూపించానని ఉపకారం లెక్కగడతాడు. ఆడవాళ్లతో పని లేకుండా పిల్లలు పుట్టే మార్గం ఉంటే మగవాళ్లకి ఏ బెడదా ఉండేది కాదని కూడా అంటాడు. జేసన్ దుర్మార్గుడిలా అరవడు. బుద్ధిమంతుడిలా, లౌక్యంగా, అంతా నీ మంచికేనన్నట్టు మాట్లాడతాడు. విలన్లకన్నా అలాంటివాళ్లతో వాదించడమే కష్టం.

చట్టం చేసిన పెరిక్లీస్ మైలీటస్ నుంచి వచ్చిన అస్పేషియాతో కాపురం చేశాడు, వాళ్లకో కొడుకు. 430లో మొదలైన మహమ్మారిలో మొదటి భార్య కొడుకులిద్దరూ పోయాక, పరాయి స్త్రీకి పుట్టిన ఈ కొడుక్కి పౌరసత్వం ఇమ్మని నగరాన్ని వేడుకున్నాడు. నగరం కరుణించింది. మెడియా బిడ్డలకి అలా అడిగిపెట్టే తండ్రి లేడు.

హత్యల సంగతికొస్తే, నాటకం మధ్యలో ఏథెన్స్ రాజు ఏజియస్ రావడం అసంబద్ధమని అరిస్టాటిల్ నుంచీ విమర్శ ఉంది. నాకు మాత్రం నాటకానికి కీలు ఆ సన్నివేశంలోనే ఉందనిపిస్తుంది. ఏజియస్‌కి పిల్లల్లేరు. దైవవాక్యం అడగడానికి దేశాలు పట్టి తిరుగుతున్నాడు. బిడ్డలు లేని మగవాడు ఎలా కుంగిపోతాడో మెడియా కళ్లారా చూస్తుంది. అతని దగ్గర ఆశ్రయానికి ప్రమాణం చేయించుకుంటుంది. అతను వెళ్లగానే, పిల్లల్ని చంపుతానని మొదటిసారి బయటపెడుతుంది. చట్టం దృష్టిలో పిల్లలు తండ్రి వంశం, తల్లి వాళ్లని కని ఇచ్చేది మాత్రమే. ఆ లెక్కనే ఆమె ఆయుధం చేసుకుంది. జేసన్‌ని చంపకుండా జేసన్ వంశాన్ని తుంచింది. తన పిల్లల్ని పితృస్వామ్యం చూసే కళ్లతోనే చూసిన ఆ క్షణంలో ఆమె ఓడిపోయిందని నేననుకుంటాను.

ఆ ఓటమి ఆమెకీ తెలుసు. పిల్లల ముందు నిలబడి వద్దనుకుంటుంది, మళ్లీ చంపాలనుకుంటుంది, వాళ్ల మెత్తని ఒంటిని తడుముతూ మళ్లీ వెనక్కి తగ్గుతుంది. శత్రువులు నన్ను చూసి నవ్వకూడదన్న పంతమే చివరికి గెలుస్తుంది. ఈ పంతం ఏ తల్లిదీ కాదు. అకిలీస్, ఏజాక్స్ లాంటి గ్రీకు వీరులది. 1977లో బెర్నార్డ్ నాక్స్ రాసిన వ్యాసం ఈ సంగతిని వివరంగా చూపించింది. పరువు కోసం వీరుడు సొంతవాళ్లని బలిచేస్తే కావ్యమవుతుంది. అదే నీతిని ఒక ఆడది పాటించేసరికి దాని అసలు రూపం బయటపడింది. చచ్చిపోయినవాళ్లలో ఇంకో ఆడపిల్ల కూడా ఉంది. క్రియోన్ కూతురికి ఈ నాటకంలో పేరు కూడా లేదు. తండ్రి ఇచ్చి చేస్తే వచ్చిన ఆ పిల్ల, కొత్త బట్టలు కట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతూ కాలిపోయింది. ఆమె కోసం మనం ఏడవకపోతే మన స్త్రీవాదంలో ఏదో లోపమున్నట్టే.

కోరస్‌లోని కోరింత్ స్త్రీలు మెడియాకి న్యాయం జరగాలంటారు, పిల్లల జోలికి పోవద్దని బతిమాలతారు. వాళ్లు పాడే ఒక పాట నాకు మరీ ఇష్టం. నదులు వెనక్కి పారుతున్నాయట, ఇకమీదట స్త్రీజాతికి గౌరవం వస్తుందట, ఆడవాళ్లు నమ్మదగనివాళ్లన్న పాత పాటలు ఆగుతాయట. తమకి కవిత్వం చెప్పే వరం దేవుడివ్వలేదు గానీ, ఇచ్చుంటే మగజాతికి తగిన జవాబు పాడేవాళ్లట. విచిత్రం ఏమిటంటే అప్పటికి సుమారు 170 ఏళ్ల ముందే లెస్బోస్ దీవిలో శాఫో పాడింది. వరం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట రాసినవాడు మగవాడు, ఆడవేషాలు కట్టి పాడినవాళ్లూ మగవాళ్లే. నోరు విప్పిన ఆడదాన్ని హంతకురాలిగా చూపించడం ద్వారా నాటకం పెరిక్లీస్ మాటనే బలపరిచిందని ఎవరైనా అంటే ఆ వాదనని తేలిగ్గా కొట్టిపారేయలేను.

అసలు పిల్లల్ని చంపింది మెడియాయేనా? ప్రాచీన వ్యాఖ్యానాల్లో వేరే కథలున్నాయి. పరదేశి మంత్రగత్తె పాలన భరించలేక కోరింత్ వాళ్లే ఆమె పిల్లల్ని హీరా గుడిలో చంపారని ఒకటి. క్రియోన్ బంధువులు చంపి, నేరం తల్లి మీదకి నెట్టి పుకారు పుట్టించారని ఇంకొకటి. ఐదు టాలెంట్లు లంచం తీసుకుని యూరిపిడీస్ నేరాన్ని మెడియా నెత్తిన రుద్దాడని కూడా ఒక కట్టుకథ ఉంది. జర్మన్ రచయిత్రి క్రిస్టా వూల్ఫ్ 1996లో రాసిన నవల ఈ పాత కథల్ని తిరిగి పైకి తెచ్చింది. అందులో మెడియా నిర్దోషి, నగరం తన నేరాన్ని కప్పిపుచ్చుకోడానికి ఆమెని బలిపశువుని చేస్తుంది.

వూల్ఫ్ నవలని గౌరవిస్తూనే, నేను మళ్లీ మళ్లీ యూరిపిడీస్ దగ్గరికే వస్తాను. నిర్దోషి అయిన మెడియా మీద జాలిపడడం సులువు. దోషి అయిన మెడియా మనల్ని కష్టమైన ప్రశ్న అడుగుతుంది. అన్యాయమైపోయిన స్త్రీ మంచిదైతేనే ఆమె మాట వింటామా? కోర్టుల్లో, పంచాయితీల్లో, ఇళ్లలో ఇప్పటికీ ముందు ఆమె గుణగణాలు తేలాలి, తర్వాతే ఆమె ఫిర్యాదు. మెడియా చేసినది క్షమించరాని పని. అయినా కట్నం గురించి, కాన్పు గురించి, మొగుడు వదిలేస్తే దిక్కులేకపోవడం గురించి ఆమె అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. చేసిన పనిని చూపించి అన్న మాటని కొట్టేయకూడదు, అన్న మాటని చూపించి చేసిన పనిని కడిగేయకూడదు. రెంటినీ ఒకే స్త్రీలో పెట్టి తీర్పు చెప్పకుండా రథమెక్కించి పంపేశాడు యూరిపిడీస్. అరిస్టాటిల్‌కి నచ్చని ఆ ముగింపు నాకు అందుకే నచ్చుతుంది.

పెరిక్లీస్ మెచ్చే స్త్రీ కూడా ఏథెన్స్‌లో ఉంది. అతని సంరక్షణలో పెరిగిన ఆల్కిబయాడీస్ భార్య హిపరెటె. పది టాలెంట్ల కట్నంతో వచ్చింది. భర్త వేశ్యలతో తిరుగుతుంటే ఓర్చుకుని, ఇక తాళలేక సోదరుడింటికి వెళ్లిపోయింది. విడాకులు కావాలంటే స్త్రీ తనే అధికారి ముందుకెళ్లి పత్రం ఇవ్వాలి. ఇవ్వడానికి వెళితే ఆల్కిబయాడీస్ వచ్చి ఆమెని పట్టుకుని నడిబజారులోంచి ఇంటికి ఎత్తుకుపోయాడు. ఒక్కరూ అడ్డుపడే సాహసం చేయలేదు. భార్య స్వయంగా బయటికి రావాలన్న నిబంధన పెట్టిందే భర్త ఆమెని పట్టుకోడానికి వీలుగా కాబోలునని ప్లూటార్క్ రాశాడు. కొద్దికాలానికే ఆమె ఆ ఇంట్లోనే చచ్చిపోయింది. ఎవర్నీ చంపలేదు, ప్రసంగాలేమీ చేయలేదు. ఆమె మీద ఎవరూ నాటకం రాయలేదు.