సీతాకోకచిలుక దద్దురు
లూపస్ వ్యాధిలో రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా పరుచుకునే ఎర్రని దద్దురు ఇది. శరీర రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదే తిరగబడటం దీనికి మూలం, అంటువ్యాధి కాదు. ముక్కు పక్క నుంచి పెదవి కొస దాకా దిగే మడతను సాధారణంగా వదిలేస్తుంది. ఇలాగే ముఖం ఎర్రబడే రోసేషియా అనే చర్మవ్యాధి కాదని తేల్చడానికి వైద్యులు ముందు చూసేది ఆ మడతనే. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలు.

దీనికి ఎండ పడదు. విజయవాడ భవానీపురంలో కృష్ణ ఒడ్డున, పున్నమి ఘాట్ మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నా, నీటి మీంచి తిరిగొచ్చే వెలుగు ముఖానికి తగులుతూనే ఉంటుంది. మబ్బు రోజులకూ మినహాయింపు లేదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, వాసన లేని సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి. మన ఉక్కపోతలో చెమటకు కారిపోతే అంతకు ముందే.

ముఖాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించాలి. మంట పుడితే చల్లని తడిగుడ్డ చాలు. సున్నిపిండి, నిమ్మరసం ఈ ముఖానికి పనికిరావు. తెల్లబడతారని షాపులో చేతికిచ్చే ట్యూబుల్లో బెటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉండొచ్చు, దానితో చర్మం పలచబడుతుంది.

లూపస్‌కు ప్రధానమైన మందు హైడ్రాక్సీక్లోరోక్విన్. వాడేవారు కంటి పరీక్షలు మానకూడదు. దద్దురుతోపాటు కీళ్లనొప్పులు, నురగతో మూత్రం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుణ్ణి కలవండి.