తప్పిన అమరిక – తిరుగు త్రోవ

ఇంటి కంప్యూటరులో ఒక అమరికను పొరపాటున మార్చి, పిమ్మట నల్లని తెరను చూచి దిగులుపడినవారు శ్రోతలలో పెక్కురుందురు. ఆ దిగులును మేమును ఎరుగుదుము.

1981లో ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పుడు ముఖ్యమైన అమరికలు లోపలి పలకపై చిన్న మీటలుగా ఉండెడివి. తప్పును కంటితో చూచి వ్రేలితో సరిదిద్దవచ్చును. 1984 నాటి ఏ.టి. నమూనాలో అవి బ్యాటరీ బలముతో నిలుచు జ్ఞాపకశక్తిలోనికి చేరినవి. తప్పు కంటికి కనబడుట మానినది.

కనుకనే యంత్రమునకు తన పూర్వస్థితిని గుర్తుంచుకొనుట నేర్పవలసి వచ్చినది. 1993లో విండోస్ ఎన్.టి. కడపట సరిగా నడచిన అమరికల ప్రతిని దాచుకొన్నది. 1995లో విండోస్ 95, అత్యవసర భాగములతో మాత్రమే మేల్కొను సేఫ్ మోడును ఇండ్లకు తెచ్చినది. 2000లో విండోస్ మిలీనియం, సిస్టమ్ రిస్టోర్ ద్వారా యంత్రమును కొన్ని దినముల క్రిందటి స్థితికి మరలించు వీలు కల్పించినది. ఇది వ్యవస్థకు సంబంధించిన మార్పులనే వెనుకకు త్రిప్పును. మనము వ్రాసికొన్న లేఖలను, దాచుకొన్న ఛాయాచిత్రములను ముట్టదు.

అమరిక తప్పినంత మాత్రమున ఇంటివారి జ్ఞాపకములు నశింపవు. తొందరపడి డిస్కునంతటిని తుడిచివేసినప్పుడే నశించును. మన పొరపాటును ముందే ఊహించి నిర్మాతలు తిరుగు త్రోవ నేర్పరచిరి. మొదట దానిని వెదకుట మన వంతు.