ఏడున్నరకు మోగే బడిగంట

1976 వేసవిలో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఓ వింత శిబిరం మొదలైంది. పిల్లలు పగలంతా ఆడుకోవాలి. రాత్రి తలకు వైర్లు అంటించుకుని పడుకోవాలి. నడిపినవారు మేరీ కార్‌స్కాడన్ అనే యువ పరిశోధకురాలు. ఎదిగేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అప్పట్లో అందరి నమ్మకం. ఆ తగ్గుదలను కొలుద్దామని ఆమె ఏటా పిల్లల్ని పిలిపించారు. పది గంటలు పడుకోనిస్తే, చిన్నపిల్లలూ పెద్దపిల్లలూ ఒకేలా తొమ్మిది గంటల పైచిలుకు నిద్రపోయారు. పైగా, అంత నిద్రపోయినా పెద్దపిల్లల్నే పగలు మగత కమ్మేది. అనుకున్నదంతా తలకిందులైంది.

మరి వాళ్ళు రాత్రి త్వరగా ఎందుకు పడుకోరు? టీవీ, స్నేహితులు, హోంవర్కు అన్నారు అందరూ. కార్‌స్కాడన్‌కు ఆ జవాబు చాలలేదు. రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాక, మసక వెలుతురులో పిల్లల లాలాజలం సేకరించి, అందులో నిద్రవేళను ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను ఎప్పుడు పెరుగుతోందో చూశారు. యుక్తవయసు వస్తుంటే ఒంట్లోని గడియారమే వెనక్కి జరుగుతోంది! 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె బృందం 7:20కే బడికి వెళ్ళే పిల్లల్ని పొద్దున ఎనిమిదిన్నర మొదలుకొని పగలు పలుమార్లు చీకటి గదిలో పడుకోబెట్టి చూసింది. దాదాపు సగం మంది కనీసం ఒక్కసారైనా నిమిషాల్లోనే కలలొచ్చే నిద్రలోకి జారిపోయారు.

అమెరికాలో ఆ వయసు పిల్లలు చాలామంది సొంతంగా కారు నడుపుకుంటూ బడికి వెళ్తారు. నిద్రమత్తులో నడిపితే ప్రమాదమే. కానీ ఎక్కడైనా గుద్దేస్తే, అది కునుకు వల్లేనని రుజువు చేయడమెలా? తాగినవాణ్ణి ఊదించి పట్టుకోవచ్చు. నిద్రమత్తు మాత్రం దెబ్బ తగిలిన క్షణంలోనే ఎగిరిపోతుంది.

దారి అనుకోకుండా దొరికింది. 1998లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ హైస్కూళ్ళు గంటను 7:30 నుంచి 8:30కి జరిపాయి. ఫ్రెడ్ డానర్, బార్బరా ఫిలిప్స్ అనే పరిశోధకులు ప్రమాదాల లెక్కలు తిరగేశారు. మార్పుకు ముందు రెండేళ్ళతో పోలిస్తే, తరువాతి రెండేళ్ళలో 17, 18 ఏళ్ళవారి ప్రమాదాల రేటు 16.5 శాతం తగ్గింది. రాష్ట్రంలో మిగతాచోట్ల అదే 7.8 శాతం పెరిగింది. ఆ ఫలితం అచ్చయ్యేసరికి 2008 వచ్చింది.

ఒక్క ఊరి లెక్కతో సందేహం తీరదు కదా. రాబర్ట్ వోరోనా అనే పరిశోధకుడు వర్జీనియా రాష్ట్రంలో పక్కపక్క ఊళ్ళను పట్టుకున్నారు. అప్పట్లో వర్జీనియా బీచ్‌లో బడి చెసపీక్ కన్నా గంటకు పైగా ముందు మొదలయ్యేది. 2008లో ప్రతి వెయ్యిమంది టీనేజీ డ్రైవర్లకు వర్జీనియా బీచ్‌లో 65.8 ప్రమాదాలు, చెసపీక్‌లో 46.6.

ఆ వేసవి శిబిరం వెలసిన కాలిఫోర్నియాలోనే, 46 ఏళ్ళకు, 2022 జూలైలో, గ్రామీణ ప్రాంతాలు మినహా హైస్కూలు గంట 8:30 కన్నా ముందు మోగకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది.