చీకట్లో పుట్టి

రామారెడ్డిలో కాలభైరవుడి ఉత్సవాలు ముగిసి ఐదారు రోజులైంది. కార్తీక బహుళం చివరికొచ్చింది, తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు. నిజాంసాగర్ నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. మామ పుట్టిని ఒడ్డు నుంచి నెట్టి, "నడుమ కూసో అల్లుడా. జాకెట్ బొందు బిగిచ్చినవా?" అంటాడు. ఎంత ఈతొచ్చినా సరే, జాకెట్ లేనివాణ్ని ఆయన పుట్టి ఎక్కనివ్వడు.

గుండ్రటి పుట్టికి ముందూ వెనకా లేవు. పక్క నుంచి తెడ్డేస్తే తిరగలిలా ఉన్నచోటే తిరుగుతుంది. మామ నా చేతుల మీద చేతులు వేసి తెడ్డును సరిగ్గా ఎదురుగా దించుతాడు.

"కొట్టకు. గుంజు."

ఎనిమిది అంకె దిద్దినట్టు తెడ్డును అటూ ఇటూ తిప్పుతూ నీళ్లను నా వైపు లాక్కుంటాను. పుట్టి కదులుతుంది. తిన్నగా పోతున్నంత సేపూ అడుగున నీళ్ల చప్పుడు రెండు పక్కలా సమానంగా వినిపిస్తుంది. గాలి నెట్టగానే ఒక పక్క పెరుగుతుంది. వెంటనే ఆ పక్కకు తెడ్డు వాల్చాలి. కన్ను పట్టుకోలేని తేడాను చెవి ముందే పట్టేస్తుంది. ఈ విద్య ఏ పుస్తకంలోనూ దొరకదు, మామ లాంటి వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

"చుక్క సూడు."

ధ్రువనక్షత్రం మన దగ్గర బాగా కిందికి ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తు. పోయేటప్పుడు కుడి భుజానికి ఉంటే వచ్చేటప్పుడు ఎడమ భుజానికి రావాలి. పిల్లలకోడి చుక్కల్ని నమ్ముకోవద్దంటాడు మామ. అవి రాత్రంతా నడుస్తూనే ఉంటాయి మరి.

వెనక కట్ట నల్లగా సాగింది. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన కట్ట. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ మంజీర నదిని ఇక్కడ ఆపాడు. నిండు మట్టం 1405 అడుగులు. ఆ నీళ్ల మీదే ఇప్పుడు మా ఇద్దరి బరువూ తేలుతోంది. మంజీరలో మొసళ్లున్నాయి, అంచు మీద చెయ్యి వేలాడేయనివ్వడు మామ.

తెల్ల డబ్బా కనబడక ముందే దానికి అల తగిలే చప్పుడు వినిపిస్తుంది. వల కొస అదే. పొద్దుగూకుతుండగా వేసిన వల, చీకట్లో నైలాన్ దారం చేపకు ఆనదు.

"గాలికి ఎదురు రా. గాలి ఎనక నుంచొస్తే పుట్టిని తీస్కపోయి వల మీద ఏస్తది."

చుట్టు తిరిగి గాలికి ఎదురుగా వస్తాను. మామ పైతాడు అందుకుంటాడు. మొదటి బారలు ఖాళీ. తర్వాత తాడు బిగుస్తుంది, పుట్టి అటు వాలుతుంది, నేను తెడ్డుతో కాచుకుంటాను. మెడ దాకా కన్నులో ఇరుక్కున్న రవ్వ. మామ దాని మొప్ప కింద వేలు పెట్టి దారాన్ని తలమీదుగా జార్చి తీస్తాడు. ఒక్క పోగు తెగలేదు.

"ఇగ ఒడ్డు దాక నువ్వే," అంటూ వెనక్కి జరుగుతాడు.

"గాలి మారింది మామా."

"మారనియ్. చుక్క ఏ భుజానికున్నదో అది చెప్పు."